‘పదిన్నర’ పెట్టిన మా బామ్మర్ది

ఈ నెల మొదటి సోమవారం ఉదయం ఆరున్నరకు మా బామ్మర్ది చనిపోయాడు. కామారెడ్డిలో ఎల్లారెడ్డి వైపు వెళ్లే రోడ్డు మీద తాను నడుపుతున్న ‘పదిన్నర’ అనే కెఫేలో, కాఫీ మిషన్ స్విచ్ వేసిన కొద్దిసేపటికి కుప్పకూలాడు. వయసు నలభై రెండు. గుండెపోటు అని డాక్టర్ చెప్పారు.

ముందు రోజు సాయంత్రం నుంచే ఎడమ భుజం లాగుతోందని అన్నాడట. గ్యాస్ అనుకున్నారు. సోడా తాగాడు, వాము నమిలాడు, పడుకున్నాడు. మా జిల్లాలో ఛాతీనొప్పికి అందరూ మొదట పెట్టే పేరు గ్యాస్. చాలామందికి చివరి పేరు కూడా అదే అవుతుంది. రిపోర్టర్‌గా ఇలాంటి చావుల గురించి నేను ఎన్నోసార్లు రాశాను. నాలుగు లైన్లు, ఒక ఫొటో. ఆ నాలుగు లైన్లలో ఎప్పుడూ ‘గ్యాస్ అనుకొని’ అన్న మాట ఉంటుంది.

అతను నా భార్య తమ్ముడు. నేను రాసే ఆదివారం పేజీ చదివే కొందరు పాఠకులు నాకు ఫోన్ చేసి అడుగుతుంటారు: కామారెడ్డిలో మంచి కాఫీ ఎక్కడ దొరుకుతుంది, హైదరాబాద్ పోతే ఏ కెఫేలో కూర్చోవచ్చు, బ్రంచ్ అంటారు కదా, అది ఎక్కడ బాగుంటుంది అని. హైదరాబాద్ సంగతి చెప్పేవాణ్ని. కామారెడ్డి సంగతి వచ్చేసరికి మాట మార్చేవాణ్ని. బంధువుల గురించి వార్త రాయకూడదన్నది నా నియమం. ‘పదిన్నర’ నడిచిన మూడేళ్లలో దాని గురించి ఒక్క వాక్యం కూడా అచ్చులోకి పంపలేదు. ఇప్పుడు రాస్తున్నది వార్త కాదు కాబట్టి రాస్తున్నాను.

అతను ఇరవై రెండేళ్లప్పుడు దుబాయ్ వెళ్లాడు. ఊరు నాగిరెడ్డిపేట దగ్గర, చెరువు కింద వరి పండే పల్లె. మా మామకు పొలం ఉంది, నీళ్లు ఉన్నాయి. కొడుకు పోవాల్సిన అవసరం లేదని ఊరంతా అన్నది. అతను మాత్రం పోయాడు. మొదట సామాను మోశాడు, తర్వాత ఒక పెద్ద హోటల్లో గిన్నెలు కడిగాడు, ఆ తర్వాత అదే హోటల్లో కాఫీ కౌంటర్ మీదికి వచ్చాడు. అక్కడ శుక్రవారం శుక్రవారం బ్రంచ్ పెట్టేవాళ్లట. పొద్దుటి టిఫినూ పగటి భోజనమూ కలిపి, మధ్యాహ్నం దాటేదాకా నడిచే విందు. సెలవు మీద వచ్చినప్పుడు ఒకసారి మా ఇంట్లో కూర్చొని చెప్పాడు.

“ఎన్ని తీర్ల తిండి బావా! రొట్టెలే ఇరవై తీర్లు. అన్ని మా చేతుల మీదికెళ్లే పోతయ్. మా నోట్లెకు మాత్రం సాయంత్రమే. ఒక శుక్రవారం నాతోని పనిచేసే పిలగాడు, నేపాలోడు, గిన్నె నిండ కోడిగుడ్లు పట్టుకోని గట్లనే కింద పడ్డడు. ఆకలికి. మేనేజర్ వచ్చి మొదాలు గుడ్లు లెక్కపెట్టిండు.”

నవ్వుతూనే చెప్పాడు. మేమూ నవ్వాం. కానీ తర్వాత అతను చేసినవన్నీ ఆ ఒక్క శుక్రవారం నుంచే మొదలయ్యాయని నా అభిప్రాయం.

వాపస్ వచ్చాక కెఫే పెడతానన్నాడు. ఆ మాట ఊళ్లో వాకిట్లో కూర్చొని మామకు చెప్పినప్పుడు నేనూ ఉన్నాను.

“పదిహేడేండ్లు గల్ఫ్ చేసి వచ్చి చాయ్ హోటల్ పెడ్తవారా?” అన్నాడు మామ.

“చాయ్ కాదు బాపు. కాఫీ.”

“అది ఇంక అధ్వాన్నం. చాయ్ అయితే ఎవడన్న తాగుతడు.”

మామ అన్నదాంట్లో నిజం ఉంది. కామారెడ్డి చాయ్ ఊరు. బస్టాండ్ చుట్టూ ఇరానీ హోటళ్లు, బండ్లు, మూలకో చాయ్ దుకాణం. కాఫీ అంటే జ్వరం వచ్చినప్పుడు ఇంట్లో కలుపుకునే పొడి, లేదా పెళ్లిలో మిషన్ నుంచి వచ్చే తీపి నురగ. అలాంటి చోట రోడ్డు మీద మడిగె కిరాయికి తీసుకొని, లోపల చక్కెర వేయని కాఫీ అమ్మాలని చూశాడు. మడిగె యజమాని మామకు పాత పరిచయం. మామ మాట మీదే ఇచ్చాడు. కొడుకు పని నచ్చకపోయినా మామ ఆ మాట ఇచ్చాడని కూడా ఇక్కడ చెప్పాలి.

బోర్డు మీద ఏం రాయించాలన్న చర్చ మా ఇంట్లోనే జరిగింది. ‘బ్రంచ్’ అని రాస్తే ఎవరికీ అర్థం కాదని నేనన్నాను. అతను నన్నే అడిగాడు.

“బావా, మా అమ్మ పొలం కాడికి బువ్వ ఎన్ని గంటలకు తెచ్చేది?”

“నాకేం తెలుసురా, నేను మీ పొలంల పనిచేసిన్నా?”

“అవ్‌మల్ల, నువ్వు అల్లునివి. గట్టు మీద కూసోని తిన్నవ్. పదిన్నరకు తెచ్చేది. పొద్దు పొడవకముందు దిగిన కూలోళ్లు పదిన్నరకు గట్టెక్కుతరు. గదే బ్రంచ్. మనోళ్లు ఎప్పటిసందో తింటున్నరు. పేరు పెట్టుకోలేదు, గంతే.”

అలా ఆ పేరు వచ్చింది. కెఫే కూడా ఆ వేళకే తెరిచేవాడు. అంతకుముందు ఎవరు వచ్చినా తెరిచేవాడు కాదు. ఎందుకంటే పదింటికి లోపల పనిచేసేవాళ్లు తినాలి. అదే ‘పదిన్నర’ పద్ధతి. వంటలో తాడ్వాయి నుంచి వచ్చే అవ్వ, బల్లల దగ్గర ఇద్దరు అమ్మాయిలు, కౌంటర్ మీద అతనూ అతని భార్యా. ఆ రోజు గిరాకికి ఏం పెట్టబోతున్నారో అదే ముందు వీళ్లు కూర్చొని తినేవాళ్లు. నిలబడి తినడం ఉండేది కాదు. తాను తినడం అయ్యాక లేచి, చేయి కడుక్కొని, షట్టర్ పూర్తిగా ఎత్తేవాడు.

ఒకరోజు నేను అక్కడే ఉన్నాను. పదింటికి ఒక కారు ఆగింది. ఒక ఆఫీసరు దిగి సగం దించిన షట్టర్ మీద కొట్టాడు. బామ్మర్ది వంగి బయటికి వచ్చాడు.

“సార్, లోపల బువ్వ తింటున్నరు. జెర సేపు కూసోండి, కుర్చీ ఏస్త.”

“నేనెవరో తెలుసా నీకు?”

“తెలుసు సార్. ఆకలి మీద ఉన్నరు. లోపలోళ్లు గూడ ఆకలి మీదనే ఉన్నరు.”

ఆఫీసరు కారెక్కి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. నేను భయపడి మందలించబోతే, “పోతే పోనీ బావా. వాపస్ వస్తే మంచి కాఫీ ఇస్తం. రాకపోతే పాలు మిగులుతయ్” అన్నాడు.

మంగళవారం కెఫేకి సెలవు. నాకు వీలైన మంగళవారాల్లో ఇద్దరం హైదరాబాద్ వెళ్లేవాళ్లం. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్, సైనిక్‌పురి వైపు ఉన్న కెఫేల్లో కూర్చునేవాళ్లం. మెనూ అతను చూసేవాడు, నేను కుర్చీ చూసుకునేవాణ్ని. కాఫీ వచ్చాక ఒక గుక్క తాగి కప్పు కింద పెట్టి, వాష్‌రూమ్‌కు పోయొస్తానని లేచేవాడు. వాష్‌రూమ్ కుడివైపు ఉంటే అతను ఎడమవైపు పోయేవాడు. వంటింటి తలుపు దాకా పోయి, సందులోంచి చూసి వచ్చి కూర్చునేవాడు.

“కాఫీ ఫస్ట్‌క్లాస్ బావా. లోపల మాత్రం ఫ్రిజ్ పక్కపొంటి నిలబడి బిస్కెట్లు తింటున్నరు.”

“అయితే?”

“అయితే ఏమున్నది. కాఫీ ఫస్ట్‌క్లాస్.”

రెండోసారి అక్కడికి తీసుకెళ్లేవాడు కాదు. మంచి కెఫే ఎలా గుర్తుపట్టాలని పాఠకులు అడిగినప్పుడు నేను చెప్పినవాటిలో సగం అతని దగ్గర విన్నవే. శనాదివారాలు వద్దు, పనిరోజు పొద్దున ఆలస్యంగా పోండి, అప్పుడు చేసేవాడికి తీరిక ఉంటుంది. గింజలు ఎప్పుడు వేయించారో అడగండి, చెప్పలేకపోతే చాయ్ తాగండి. మొదటి గుక్క చక్కెర లేకుండా తాగండి. ఇవన్నీ రాశాను. వంటింటి సంగతి ఒక్కటి రాయలేదు. అది పాఠకులకు అవసరమని అప్పట్లో అనుకోలేదు.

చేదు గురించి అతనికి ఒక మాట ఉండేది. కొత్తగా వచ్చినవాళ్లు ఒక్క గుక్క తాగి ముఖం చిట్లిస్తే, “చేదు తప్పు కాదన్నా. మాడుడు తప్పు. మాడితే చెప్పు, పైసలు వద్దు” అనేవాడు. చాలామంది తేడా తెలియక రెండు చెంచాల చక్కెర వేసుకునేవాళ్లు. దానికి అతను అడ్డు చెప్పలేదు. ప్రతి బల్ల మీదా చక్కెర డబ్బా ఉండేది.

అతను అన్నీ సరిగ్గా చేశాడని చెప్పను. మొదటి ఆరునెలలు హైదరాబాద్ కెఫేల్లో చూసిన పులిసిన పిండి బ్రెడ్డు చేయించాడు. పైన గట్టి పెచ్చు, లోపల చిన్న చిన్న బొక్కలు. కామారెడ్డి దాన్ని పాచిపోయిన బ్రెడ్డు అనుకొని తిప్పి పంపింది. తియ్యటి టమాట రసంలో ఉడికించిన చిక్కుడు గింజలు పెట్టాడు. గిన్నెలు గిన్నెలే వెనక్కి వచ్చాయి. ఆఖరికి తాడ్వాయి అవ్వే చెప్పింది.

“నీ పుల్ల రొట్టె ఎవ్వడు తింటడు కొడుకా, పండ్లు ఊడుతయ్. జొన్నపిండి తే, నేను చేస్త.”

“జొన్నరొట్టె మీద గుడ్డు పెడితే ఎవ్వలు తింటరు అవ్వా?”

“నువ్వు దుబాయ్‌ల ఏం పెడితే అది తినలేదా? వీళ్లు గూడ తింటరు తియ్యి.”

తిన్నారు. జొన్నరొట్టె, దాని మీద టమాట కూర, పైన సగం ఉడికిన గుడ్డు. కాలేజీ పిల్లలు ఫొటోలు తీసుకునేవాళ్లు. ఎల్లారెడ్డి పోయే కార్లు ఆగేవి. మూడో ఏడుకి కెఫే తన కాళ్ల మీద నిలబడింది.

అతని భార్యను నేను చెల్లె అని పిలుస్తాను. ఆమెది బీబీపేట. మొదట్లో వంటింట్లో ఉండేది. ఒక వానాకాలం అతనికి డెంగీ వచ్చి మంచం పట్టినప్పుడు మిషన్ ముందుకు వచ్చింది. అతను లేచి వచ్చాక ఆమె చేసిన కాఫీ తాగి, ఇంకో కప్పు అడిగాడు. అప్పటి నుంచి పాలు కాచే పని ఆమెది. ఆమె చేయి తిరిగినట్టు తన చేయి తిరగదని నా ముందే ఒప్పుకున్నాడు.

“నీ బామ్మర్దికి మిషన్ పెద్ద పెండ్లాం అన్నా. నేను చిన్నపెండ్లాన్ని” అన్నది ఒకసారి చెల్లె.

“మిషన్ అయితే మర్లవడి మాట్లాడదు గదా” అన్నాడు అతను.

“అందుకే మూడు నెలలకోసారి చెడిపోతది. నేను చెడిపోయిన్నా ఎన్నడన్న?”

మామ ఆ కెఫేకి ఒకేసారి వచ్చాడు. పొద్దున నాగిరెడ్డిపేట నుంచి ఎల్లారెడ్డి, అక్కడి నుంచి కామారెడ్డి బస్సు మారి వచ్చాడు. కుర్చీలో వీపు ఆనకుండా కూర్చున్నాడు. తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

“చాయ్ తే రా.”

“చాయ్ లేదు బాపు. కాఫీ తాగు. నీ కోసం చక్కెర ఏసి తెస్త.”

“చాయ్ లేని హోటలేందిరా?”

లేచి రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న చాయ్ బండి దగ్గర నిలబడి తాగాడు. అక్కడి నుంచే చాలాసేపు కొడుకు కెఫే వైపు చూశాడు. తర్వాత బస్సెక్కి వెళ్లిపోయాడు. బామ్మర్ది కౌంటర్ వెనక నుంచి అదంతా చూశాడు. కోపం రాలేదు. “బాపు చాయ్ తాగుకుంట నా బోర్డే చదివిండు బావా” అన్నాడు. తండ్రి మళ్లీ వస్తాడని అతను అనుకున్నాడు. రాలేదు.

సోమవారం శవాన్ని ఊరికి తీసుకెళ్లాం. అక్కడ నేను విన్నవి విన్నట్టు రాస్తున్నాను. ఎన్నడూ కెఫే గడప తొక్కనివాళ్లు, పెద్ద హోటల్ పెట్టిండు పాపం అన్నారు. కాఫీ తాగి తాగి గుండె ఆగింది అన్నారు. ఆ మడిగె జాగ మంచిది కాదు, ముందే తెలుసు అన్నారు. దుబాయ్‌లోనే ఉంటే బతికేటోడు అని ఒకరు అంటే, పదిమంది తలలూపారు. గ్యాస్ అన్న మాట మాత్రం ఒక్కరూ ఎత్తలేదు.

దినాలైపోయాయి. చెల్లెను ఆనవాయితీ ప్రకారం ఒక రాత్రి నిద్రకు బీబీపేట తల్లిగారింటికి తీసుకెళ్లి, మళ్లీ ఊరికి తెచ్చారు. ఆ సాయంత్రం వాకిట్లో మామ, చెల్లె, నేను, నా భార్య ఉన్నాం. చెల్లె కెఫే తెరుస్తానన్నది.

మామ మెల్లగానే అన్నాడు. “నీకు అన్నం పెట్టనా బిడ్డా? పొలమున్నది, ఇల్లున్నది. ఇంట్ల ఉండు.”

“అన్నం సంగతి కాదు మామా. నాకు పనొచ్చు.”

“ఏడాది పోనియ్యి. ఏడాది పండుగ అయినంక చూద్దాం.”

“ఏడాది మూస్తే ఎవ్వలు వస్తరు మామా?”

“తెరిస్తే మాత్రం ఎవ్వలొస్తరు? పొద్దుగాల పొద్దుగాల నీ చేతులకెళ్లి బోణీ ఎవ్వడు చేస్తడు? నా నోటితోని చెప్పిస్తున్నవ్. మొగడు పోయిన ఆడిదాని చేతి బోణీ ఎవ్వలు పట్టరు. ఆడోళ్లే పట్టరు. వచ్చి, నిన్ను చూసి, వాపస్ పోతరు. రోజూ అది చూస్తవా నువ్వు?”

మామ దుర్మార్గుడని ఎవరూ అనుకోవద్దు. ఆయన చెప్పింది బెదిరింపు కాదు, సమాచారం. మా వైపు దుకాణాల్లో రోజు మొదటి బేరాన్ని బట్టే ఆ రోజు నడుస్తుందని నమ్మకం. కొనేవాళ్లకు కూడా ఆ నమ్మకం ఉంటుంది. మొదటి వస్తువు ఎవరి చేతి నుంచి తీసుకున్నామన్నది చూసుకుంటారు.

మడిగె యజమానికి తాను చెప్పేశానని, తాళం చెవులు ఇచ్చేద్దామని మామ అన్నాడు. మిషన్‌ను హైదరాబాద్ వాళ్లెవరో కొంటారట. అప్పుడు నా భార్య మాట్లాడింది.

“తమ్ముడు ఉండంగ ఒక్క కప్పు తాగకపోతివి బాపు. మూసుడుకు మాత్రం అందరికన్న ముందుగాల నువ్వే వచ్చినవ్.”

మామ లేచి కొట్టం వైపు వెళ్లాడు. చాలాసేపటికి గానీ తిరిగి రాలేదు. వచ్చాక తాను యజమానికి ఇచ్చిన మాట మాటేనన్నాడు. చెల్లె కూడా తన మాట మార్చలేదు.

మర్నాడు చెల్లెను కామారెడ్డికి తీసుకొస్తూ దారిలో చెప్పాను, బోణీ నేను చేస్తానని. ఆమె బయటికే చూస్తూ తల అడ్డంగా ఊపింది.

“నువ్వు చేస్తే ఇంటోడు చేసినట్టే అన్నా. జాలికి వచ్చిండు అంటరు. బయటోళ్లు చెయ్యాలె. పైసలిచ్చి, తాగి, బాగలేకపోతే బాగలేదని చెప్పి పోవాలె. గట్లయితెనే అది దుకాణం.”

ఆమె చెప్పింది సరైనదని అనిపించి, నాకు చేతనైన పని చేశాను. అడిగాను. మూడేళ్లుగా ఆ కెఫేకి క్రమం తప్పకుండా వచ్చేవాళ్లు నాకు తెలుసు. ఒక బ్యాంకు ఉద్యోగి. డిగ్రీ కాలేజీ లెక్చరర్ ఒకావిడ. రోజూ నిజామాబాద్ నుంచి వచ్చే మందుల కంపెనీ మనిషి. నలుగురు కలిసి రెండు కాఫీలు చెప్పుకునే కాలేజీ పిల్లలు. ఒక్కొక్కరినీ విడిగా కలిసి అడిగాను. కెఫే మళ్లీ తెరుస్తున్నారు, చెల్లె నడుపుతుంది, మొదటి రోజు మొదటి కాఫీ మీరు తాగుతారా అని.

బ్యాంకు ఉద్యోగి సంతోషించాడు. తప్పకుండా వస్తానన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, “మొదటిది ఎవరైనా చేసేయనీయండి సార్. వెనకనే నేనుంటాను” అన్నాడు.

మందుల కంపెనీ మనిషి, తనకు అలాంటి పట్టింపులు లేవన్నాడు. అయితే ఆ రోజు కొత్త టార్గెట్ మొదలవుతుందట. “లైన్ల రెండోది నాది రాసుకోండ్రి అన్నా” అన్నాడు.

కాలేజీ పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో ఒకడు, “ఎవ్వలన్న ఉంటే మస్తుగ వస్తం సార్” అన్నాడు. ఇంకొకడు వాడి వీపు మీద చరిచి, “నువ్వే పో రా, నీకెట్లాగు బ్యాక్‌లాగ్‌లే గదా” అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులో మా బామ్మర్ది లేడన్న బాధ కూడా ఉంది. వాళ్లు అతన్ని ఇష్టపడ్డారు. అతని ఫొటో స్టేటస్‌లో పెట్టుకున్నారు. చావుకు ఊరి దాకా బస్సులో వచ్చారు.

లెక్చరర్ గారు, “మా అత్తగారికి తెలిస్తే ఇంట్లో గొడవ అవుతుంది. రెండోసారి అయితే ఎవరూ అడగరు” అన్నారు.

నేను అడిగినవాళ్లలో రానన్న మనిషి ఒక్కరూ లేరు. అందరూ రెండోవాళ్లుగా రావడానికి సిద్ధంగా ఉన్నారు. ఇది చెల్లెకు ఎలా చెప్పాలో తెలియక, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె మిషన్ గొట్టాన్ని తడిగుడ్డతో తుడుస్తూ విన్నది.

“అందరు రెండోళ్లేనా?”

“అందరూ.”

“మంచిదే అన్నా. మస్తు మంది అయితరు మల్ల” అన్నది. నవ్వలేదు.

పాఠకులు అడిగిన ప్రశ్నకు జవాబు ఇప్పుడు రాస్తున్నాను. కామారెడ్డిలో మంచి కాఫీ ఎల్లారెడ్డి రోడ్డు మీద దొరికేది. అక్కడ తిండి పెట్టేవాళ్లు ముందు తినేవాళ్లు. దాన్ని పెట్టిన మనిషి హైదరాబాద్‌లో ఏ కెఫేకి పోయినా వంటింటి తలుపు దాకా పోయి లోపలివాళ్ల ముఖాలు చూసి వచ్చేవాడు. పేరున్న చోట్ల కూడా ఆ పని చేసేవాళ్లను నేను ఇంకెవరినీ చూడలేదు. ‘దొరికేది’ అన్న మాటను ‘దొరుకుతుంది’ అని దిద్దాలో లేదో నాకు ఇంకా తెలియదు.

తెలిసినవి ఇవి. కెఫే తెరుస్తానని చెల్లె అన్న ఈ బుధవారమే, ఉదయం పదింటికి, తాళం చెవుల కోసం మడిగె యజమాని వస్తాడు. మామ అతనికి ఆ వేళే చెప్పాడు. తాను మొదటి బస్సుకు వస్తానని నా భార్యకు ఫోన్ చేశాడు. తాడ్వాయి అవ్వ జొన్నపిండి తీసుకొని వస్తున్నది. ఇద్దరు అమ్మాయిలూ వస్తున్నారు. చెల్లె పాల వ్యాన్‌కు ఫోన్ చేసి ఎప్పుడూ తీసుకునేన్ని పాలే చెప్పింది. నిజమా అని ఆ వ్యాన్ మనిషిని అడిగాను. చెప్పిందన్నాడు. బుధవారం పొద్దున షట్టర్ ముందు దించిపోతానన్నాడు.